క్రీడాచార్యుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్

ఉరుము ఉరిమినప్పుడు మన పల్లెలలో పెద్దలు పిల్లలచేత అర్జునుని పది పేర్లు పలికింతురు. ఆ పదింటిలో సవ్యసాచి యనునది యొకటి. కుడిచేత ఎంత నేర్పుతో వింటినారి లాగగలడో, ఎడమచేతను అంత నేర్పుతో లాగగలవాడని దాని యర్థము. తక్కిన పేర్లలో కొన్ని పుట్టుకవలన వచ్చినవి. కొన్ని దేహచ్ఛాయవలన వచ్చినవి. కొన్ని గెలుపువలన, కిరీటమువలన, తెల్లని గుఱ్ఱములవలన వచ్చినవి. సవ్యసాచి యను పేరు మాత్రము కేవలము అభ్యాసమువలన వచ్చినది. ద్రోణునికడ విలువిద్య నేర్చు దినములలో ఒకరాత్రి భోజనము చేయుచుండగా దీపమారిపోయెననియు, చీకటిలోను చేయి తప్పక నోటికి పోవుట చూచి, ఇది అలవాటు చేసిన పని యని గ్రహించి, నాటినుండి అర్జునుడు చీకటిలో బాణములు వేయుట సాధన చేసెననియు ఆదిపర్వమున చదువుచున్నాము.

ఇది ద్వాపరయుగపు కథ కదా, మనకేమి యని కొందరు తలంతురేమో. మన ఊరికి రైలుమీద గంట దూరములో నున్న హైదరాబాదు నగరమున, మన తాతల కాలముననే, ఒక సామాన్య పాఠశాలోపాధ్యాయుడు పదులకొలది పేదబాలురను కాళ్లతో సవ్యసాచులను చేసెను. ఆ బాలురు ఆసియా ఖండమును గెలిచిరి. ఒలింపిక్ క్రీడలలో ప్రపంచమున నాలుగవ స్థానము పొందిరి. ఆ ఉపాధ్యాయుని పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. నగరములోని క్రీడాభిమానులు రహీమ్ సాహెబని గౌరవముతో పిలుచుచుండిరి. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఆ మహనీయుని జీవితమును నాకు తెలిసినంతవరకు విన్నవించుట నా కోరిక.

రహీమ్ సాహెబుగారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించిరి. అప్పుడది నిజాము రాజ్యమునకు రాజధాని. చదువుకొను రోజులలో ఉస్మానియా విశ్వవిద్యాలయపు జట్టున కాలిబంతి యాడిరి. సిటీ కళాశాల విద్యార్థులు కొందరు కలిసి యేర్పరచుకొన్న జట్టునను, తరువాత కమర్ క్లబ్బునను ఆడి మంచి ఆటగాడని పేరు తెచ్చుకొనిరి. అయినను ఆయనకు జీవనోపాధి ఆట కాదు, ఉపాధ్యాయత్వము. కాచిగూడ మిడిల్ స్కూలు మొదలుకొని దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలవరకు పలుచోట్ల పాఠములు చెప్పిరి. పట్టభద్రులైన పిమ్మట వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది, పాఠశాలలలో ఆటల బాధ్యత వహించిరి.

ఈ సంగతిని నొక్కి చెప్పుటకు కారణము కలదు. తాను బాగుగా ఆడుట వేరు, ఇతరులచేత ఆడించుట వేరు. బాగుగా ఆడువానికి తాను చేయునదేమో తనకే తెలియకపోవచ్చును. ఉపాధ్యాయుడు అట్లుండుటకు వీలులేదు. అ, ఆ లు నేర్వని పిల్లవానిముందు కూర్చున్నవాడు ఒక అక్షరమును ఎన్ని గీతలుగా విడదీయవచ్చునో, ఏ గీత ముందు రావలెనో, ఎక్కడ చేయి తడబడునో తెలిసికొనియుండవలెను. రహీమ్ సాహెబుగారు కాలిబంతి ఆటను పలకమీది అక్షరమువలె విడదీసి చూచిరి. ఆయన ఘనత యంతయు ఆ చూపులోనే యున్నది.

1943లో వారు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియైరి. మరణించు దినమువరకు ఆ బాధ్యత వారి భుజములమీదనే యుండెను. మరియు హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకులై దానిని దేశములో మేటిజట్లలో నొకటిగా తీర్చిరి. వారు వచ్చునాటికి మన దేశమున కాలిబంతి యాడు తీరు రెండు విధములుగా నుండెను. బంతిని బలముగా దూరమునకు తన్ని దానివెంట పరుగెత్తుట ఒక విధము; దొరల పటాలములను చూచి నేర్చినది. బంతి దొరికిన యొక్క ఆటగాడు దానిని కాళ్లమధ్య త్రిప్పుచు ఇద్దరిని ముగ్గురిని దాటి పోవ జూచుట రెండవది. మొదటి దానిలో బలము కనబడును; రెండవ దానిలో ఒంటరివాని చమత్కారము కనబడును. జనము రెండింటికిని చప్పట్లు కొట్టుచుండిరి.

రహీమ్ సాహెబుగారు ఈ రెండింటిని మెచ్చలేదు. మనిషి యెంత పరుగెత్తినను బంతి అంతకంటె వేగముగా పోవును. కావున మనిషిని పరుగెత్తించుటకంటె బంతిని పరుగెత్తించుట మేలు. బంతి పరుగెత్తవలెనన్న ఒకని కాలినుండి మరియొకని కాలికి నేలమీదనే, తిన్నగా, తడవు లేకుండ పోవలెను. వినుటకు ఇది చాల చిన్నమాట. చేయబోయినచో దీనికి మూడు విద్యలు కావలయును. వచ్చిన బంతిని ఒక్క తాకుడుతో లోబరచుకొనుట మొదటిది. బంతి రాకమునుపే తనవారెక్కడ నున్నారో కన్నెత్తి చూచియుండుట రెండవది. కుడికాలికి వచ్చినను ఎడమకాలికి వచ్చినను సమముగా అందించగలుగుట మూడవది. ఈ మూడును కాలిబంతికి ఓనమాలు.

ఓనమాలు దిద్దుమనుట సులభము, దిద్దించుట కష్టము. పెద్ద పందెములు ఆడవలెనని తహతహలాడు కుర్రవానిని గోడకెదురుగా నిలిపి వేయిమారులు బంతి తన్నుమన్నచో రెండు దినములు చేయును, మూడవ దినము రాడు. రహీమ్ సాహెబుగారు ఇక్కడనే తమ ఉపాధ్యాయబుద్ధిని చూపిరి. అభ్యాసమును శిక్షగా విధింపక పోటీగా మార్చిరి. హైదరాబాదులో వారు నడిపిన ఆ పోటీలు దేశమున మరెక్కడను అంతకుముందు విననివి.

అందులో ఒకటి, బంతిని ఒక్కడే త్రిప్పుకొని పోరాదను నియమముగల పోటీ. బంతి వచ్చిన వెంటనే ఒకటి రెండు తాకుళ్లలో తోటివానికి అందించితీరవలెను. చప్పట్లకొఱకు ఆడువానికి ఇందులో చోటులేదు. బంతి వచ్చిన పిదప ఆలోచింతునన్నవానికిని చోటులేదు, అప్పటికే ఆలస్యమైపోవును. కావున ఈ నియమము పైకి కాలిని కట్టివేసినట్లు కనబడినను నిజమునకు కంటిని తెరపించినది. బంతి తనవద్ద లేనప్పుడు చూడవలసినదేమో పిల్లవాడు ఎవరును చెప్పకయే నేర్చుకొనెను.

ఇంకొకటి, బలహీనమైన కాలితోనే యాడవలెనను పోటీ. కుడికాలి వాటముగలవాడు ఎడమకాలితోనే తన్నవలెను. ఎడమకాలి వాటముగలవాడు కుడికాలితోనే తన్నవలెను. మంచి ఆటగాడు ఆ దినమున బుడిబుడి నడకల పిల్లవానివలె తప్పుదన్నులు తన్నును. చూచువారు నవ్వుదురు. అయినను అందరి గతియు అదేయగుటచేత సిగ్గుపడవలసిన పనిలేదు. ఒకే కాలితో ఆడువాడు ఏవైపు తిరుగునో ఎదుటివానికి ముందే తెలియును. వానికి మైదానములో సగము మూతపడినట్లే. రెండవ కాలు వచ్చిననాడు ఆ సగము తెరచుకొనును. ఒంటిరెక్కతో ఎగురు పక్షి యెంతదూరము పోగలదు?

మరియొకటి, పొట్టివారి పోటీ. ఒక నిర్ణీతమైన ఎత్తునకు మించినవారికి ఇందు ప్రవేశము లేదు. దీని ఫలమేమో ఊహించుట కష్టము కాదు. పదునాలుగేండ్ల వయస్సున ముందుగా ఎదిగిన పిల్లవాడు దేహబలముతోనే తోటివారిని త్రోసివేసి గెలుచును. నేర్పు సంపాదింపవలసిన అవసరము వానికి కనబడదు. సన్నగా పొట్టిగా నున్నవాడు ఎంత నేర్పరియైనను వెలుగులోనికి రాడు. ఎత్తును ప్రక్కన పెట్టినచో నేర్పు మాత్రమే మిగులును.

పాఠకులు ఈ మూడింటిలోని సామాన్య సూత్రమును గమనింపవలెను. ప్రతి పోటీయందును రహీమ్ సాహెబుగారు ఆటగానినుండి ఒకదానిని తీసివేయుచున్నారు. ఒకచోట ఒంటరి చమత్కారము, ఒకచోట బలమైన కాలు, ఒకచోట దేహపు ఎత్తు. వానికి ఏది సులభముగా వచ్చునో దానిని దాచిపెట్టి, ఏది రాదో దానిని వాని ముందుంచుచున్నారు. మనము సాధన యని సామాన్యముగా దేనిని పిలుచుచున్నాము? వచ్చినదానినే మరల మరల చేసి సంతోషించుటను. పాడగలిగిన రాగమునే పాడుట, తెలిసిన లెక్కనే చేయుట మనకు ఇష్టము. అది వినోదము; సాధన కాదు. రానిదానివద్ద ఓపికగా నిలుచుటయే సాధన.

ఈ విధముగా తయారైన హైదరాబాదు పోలీసు జట్టు 1950నుండి 1954వరకు వరుసగా అయిదు సంవత్సరములు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచెను. 1950లో ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు తుదిపోటీయందు కలకత్తాకు చెందిన సుప్రసిద్ధమైన మోహన్ బగాన్ జట్టును ఓడించెను. ఆ కప్పును 1954, 1957, 1961 సంవత్సరములందును పోలీసు జట్టే గెలిచినది. రాష్ట్రములమధ్య జరుగు సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు 1956-57, 1957-58 సంవత్సరములలో వరుసగా గెలుచుకొన్నది. కాలిబంతి యన్న కలకత్తాయే యని తలచు దేశమునకు దక్కనులో ఒక గురుకులమున్నదని తెలిసివచ్చెను.

1950లో రహీమ్ సాహెబుగారు భారత జట్టునకు శిక్షకులైరి. 1951 మార్చిలో న్యూఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగినవి. తుదిపోటీలో ఇరానుపై మేవాలాల్ చేసిన ఒకే గోలుతో మన జట్టు బంగారు పతకము గెలిచెను. దేశమంతయు సంబరపడెను. కాని గురువుల గొప్పతనము గెలుపునందు కాక ఓటమియందు తెలియును. ఆ ఓటమి మరుసటి సంవత్సరమే వచ్చినది.

1952 జులై 15వ తేదీన ఫిన్లండు దేశపు రాజధాని హెల్సింకీలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా జట్టు మన జట్టును 10-1 తేడాతో ఓడించెను. మనవారిలో పలువురు బూట్లు లేకుండ వట్టికాళ్లతో ఆడిరి. ఇక్కడి ఎండు నేలమీద వట్టికాలు బంతిని మెత్తగా పట్టుకొనును. మనవారి నైపుణ్యమునకు అదియొక ఆధారము. అక్కడి చలిదేశపు నేలమీద బూట్లు తొడిగిన బలిష్ఠుల యెదుట ఆ నైపుణ్యము నిలువలేకపోయెను. ఈ ఓటమి తరువాతనే భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసినది.

ఇక్కడ ఒక సూక్ష్మమున్నది. మూలమును నమ్మినవారు తరచుగా మూర్ఖపుపట్టునకు లోనగుదురు. మా తాతలు ఇట్లే చేసిరి, మేమును ఇట్లే చేయుదుమందురు. వట్టికాళ్ల ఆట మన అలవాటు. అది మూలము కాదు. బంతిని లోబరచుకొనుట మూలము. కాలికి బూటున్నను లేకున్నను ఆ మూలము మారదు. అలవాటేదో మూలమేదో వేరు చేసి చూడగలిగినవాడే నిజమైన గురువు. రహీమ్ సాహెబుగారు బూట్లతో ఆటను మరల మొదటినుండి దిద్దించిరి. విదేశములవారు ఆటగాండ్రను మైదానమున నిలుపు పద్ధతులను శ్రద్ధగా పరిశీలించి, మనవారికి తగినరీతిగా మార్చి నేర్పిరి.

నాలుగేండ్లకు ఫలము కనబడెను. 1956లో ఆస్ట్రేలియా దేశమున మెల్బోర్న్ నగరములో జరిగిన ఒలింపిక్ క్రీడలలో మన జట్టు డిసెంబరు 1వ తేదీన ఆ దేశపు జట్టునే వారి గడ్డమీద 4-2 తేడాతో ఓడించెను. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ చేసెను. ఒలింపిక్ కాలిబంతి పోటీలో ఒకే ఆటయందు మూడు గోల్స్ చేసిన మొదటి ఆసియావాసి ఆయనయే. తరువాతి పోటీయందు మరల యుగోస్లావియా యెదురైనది. ఈమారు మొదటి గోలు మనవారిదే. తుదకు 4-1 తేడాతో ఓడిపోయినను, పదింటికి ఒకటిగా నున్న దూరము నాలుగేండ్లలో ఎంత తగ్గెనో లెక్క తెలిసినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. మూడవ స్థానపు పోటీలో బల్గేరియా చేతిలో ఓడి మన జట్టు నాలుగవ స్థానమున నిలిచెను. ఒలింపిక్ కాలిబంతిలో మన దేశము నేటివరకు అంతకంటె పైకి పోలేదు.

ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, లతీఫ్, జుల్ఫికరుద్దీన్ మొదలగు హైదరాబాదువారు పలువురుండిరి. వారితోపాటు తులసీదాస్ బలరామ్ అను యువకుడును ఉండెను. మన గౌడవెల్లి స్టేషనునుండి సికింద్రాబాదు పోవు దారిలో బొల్లారము, అల్వాలు దాటిన పిమ్మట అమ్ముగూడ యను స్టేషను వచ్చును. బలరామ్ ఆ అమ్ముగూడవాడు, పేదకుటుంబమున పుట్టినవాడు. రహీమ్ సాహెబుగారి చేతిక్రింద పదునెక్కి 1956, 1960 సంవత్సరముల ఒలింపిక్ క్రీడలలో ఆడెను. 1960లో రోమునగరమున హంగెరీపైనను పెరూపైనను గోల్స్ చేసెను. 1962లో అర్జున పురస్కారము పొందెను. 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో కన్నుమూసెను. మన రైలుదారిలో నాలుగైదు స్టేషనుల అవతలి పిల్లవాడు రోమువరకు పోయినాడన్న సంగతి మన పిల్లలలో ఎందరికి తెలియును?

రోము క్రీడలలో మన జట్టు బలవంతమైన హంగెరీతో 2-1 తేడాతో మాత్రమే ఓడెను. ఫ్రాన్సుతో 1-1గా సమముగా నిలిచెను. ఆ జట్టునకు ఎంపికైనవారిలో రహీమ్ సాహెబుగారి కుమారుడు సయ్యద్ షాహిద్ హకీమ్ కూడ ఒకరు. అయినను ఆ క్రీడలలో ఒక్క పందెమునందైనను ఆయనకు మైదానమున దిగు అవకాశము రాలేదు. శిక్షకుడు తండ్రియే. పుత్రప్రేమచేత ధృతరాష్ట్రుడు రాజ్యమును పోగొట్టుకొన్న కథ చదివిన మనకు ఈ సంగతి విలువ తెలియును. పక్షపాతము లేకుండుటయు గురుత్వమునకు ఓనమాలలో నొకటి. హకీమ్ తరువాతి కాలమున అంతర్జాతీయ రిఫరీగా పేరుపొంది, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారమందుకొని, 2021లో స్వర్గస్థులైరి.

ఇక 1962వ సంవత్సరము. ఇండోనేషియా రాజధాని జకార్తాలో నాలుగవ ఆసియా క్రీడలు. రహీమ్ సాహెబుగారి ఊపిరితిత్తులలో అప్పటికే క్యాన్సరు వ్యాధి ప్రవేశించియుండెను. శరీరము సహకరించకున్నను జట్టువెంట పోయిరి. మొదటి పందెమున దక్షిణ కొరియా మనవారిని 2-0 తేడాతో ఓడించెను. తరువాత థాయిలాండుపై 4-1, జపానుపై 2-0, దక్షిణ వియత్నాముపై 3-2 తేడాలతో గెలిచి మనవారు తుదిపోటీకి చేరిరి. ఎదుట నిలిచినది మరల ఆ దక్షిణ కొరియాయే.

పరిస్థితులు అనుకూలముగా లేవు. ఇజ్రాయేలు, తైవాను దేశములను క్రీడలకు రానీయనందుకు మన దేశమునకు చెందిన ఒక క్రీడాధికారి ఆక్షేపణ తెలుపగా, అక్కడి జనము భారతీయులపై కోపించియుండిరి. సుమారు లక్షమంది ప్రేక్షకులలో మనవారి పక్షమున పలుకువారు అరుదు. వెనుకవరుసలో కోటగోడవలె నిలుచు జర్నైల్ సింగునకు తలపై గాయమై కుట్లు పడియుండెను. గోలుకీపరు పీటర్ తంగరాజ్ జ్వరపడి లేచినవాడు.

రహీమ్ సాహెబుగారు జర్నైల్ సింగును వెనుకవరుసనుండి తీసి ముందువరుసలో నిలిపిరి. తంగరాజును తుదిపోటీకి గోలునొద్ద నిలిపిరి. గోడ కట్టువానిని తలుపులు పగులగొట్టుటకు పంపినట్లున్న ఈ మార్పు పైకి సాహసముగా కనబడును. మూలము తెలిసిన ఆటగాడు ఏ చోట నిలిపినను ఆడగలడన్న నమ్మకమే దానికి ఆధారము. తుదిపోటీకి ముందురాత్రి గురువు తమను చేరబిలిచి, తనకొక కానుక కావలెనని, అది బంగారు పతకమేనని కోరినట్లు ఆనాటి ఆటగాండ్రు ముదిమివరకు చెప్పుకొనుచుండిరి.

1962 సెప్టెంబరు 4వ తేదీన ఆట మొదలైన ఇరువది నిమిషములలోపలనే మనవారు రెండు గోల్స్ చేసిరి. ఒకటి పి.కె. బెనర్జీది. రెండవది జర్నైల్ సింగుది. కుట్లు పడిన ఆ తలవాడే. చివరి నిమిషములలో కొరియా ఒక గోలు చేసినను తంగరాజును వెనుకవరుసవారును మరియొకటి కానీయలేదు. 2-1 తేడాతో చునీ గోస్వామి నాయకత్వమున మన దేశము బంగారు పతకము గెలిచెను. కోరిన గురుదక్షిణ చెల్లినది.

తొమ్మిది నెలలు గడచినవి. 1963 జూన్ 11వ తేదీన రహీమ్ సాహెబుగారు మరణించిరి. వయస్సు 53 సంవత్సరములు. వారి శిక్షణలో తయారైనవారి బలముతో మన జట్టు 1964లో ఆసియా కప్పున రెండవ స్థానము, 1970లో ఆసియా క్రీడలందు కంచు పతకము పొందినది. ఆ తరువాత వెలుగు తగ్గెను. 1962 తరువాత ఆసియా క్రీడలలో కాలిబంతి బంగారు పతకము మన దేశమునకు రాలేదు. 1960 తరువాత ఒలింపిక్ కాలిబంతికి మన పురుషుల జట్టు అర్హతయే పొందలేదు. ఒకప్పుడు భారత జట్టునకు సగము బలమిచ్చిన హైదరాబాదు నగరపు పేరు ఆ ఆటలో క్రమముగా వినబడకుండ పోయెను. 2024లో వారి జీవితము ఆధారముగా మైదాన్ అను హిందీ చలనచిత్రము వచ్చినప్పుడు, ఈయన మన నగరమువాడా యని మనవారే ఆశ్చర్యపడిరి.

ఈ క్షీణతకు ధనలోపము, మైదానముల కొరత మొదలగు కారణములు పలువురు చెప్పుదురు. అవియు నిజమే. నాకు తోచిన కారణము మరియొకటి కలదు. గెలుపును జనము జ్ఞాపకముంచుకొనిరి. గెలుపు వెనుకనున్న బలహీనపుకాలి పోటీలను మరచిరి. కప్పులను అద్దాల బీరువాలో దాచిరి, పలకను పారవేసిరి. చెట్టు ఫలములను లెక్కించుకొనుచు వేళ్లకు నీరు పోయుట మానినచో రెండు మూడేండ్లు ఫలములు వచ్చుచునే యుండును. అందువలననే తప్పు వెంటనే తెలియదు. తెలిసిన నాటికి చెట్టు ఎండియుండును.

ఆట సంగతి యట్లుండగా, పనిపాటలందును ఇదే న్యాయము. మన ఊళ్లో తాడెక్కు గీతవృత్తివారిని చూడుడు. కల్లు గీయుట చూచువారికి కత్తిపని యని తోచును. కాని పిల్లవానికి పెద్దలు మొదట కత్తి ఈయరు. మోకు వేసికొనుట నేర్పుదురు. ముడి ఎట్లు పడవలెనో, నడుమును మోకునకు ఎంత వాల్చవలెనో, పాదము చెట్టునకు ఎట్లు ఆన్చవలెనో తక్కువ ఎత్తున మరల మరల చేయింతురు. ముప్పది అడుగుల పైన గాలి కొట్టునప్పుడు ఆలోచించుటకు వ్యవధి యుండదు; నేర్చిన మోకే కాపాడును. ఆ ఎత్తున నిలిచి నిశ్చింతగా గీయువాని చేతిపనిని మనము మెచ్చుకొందుము. వానిని నిలిపినది మాత్రము క్రింద నేర్చిన ముడి.

నా వృత్తి లెక్కలు వ్రాయుట. ఇందును అంతే. పెద్ద మొత్తములు కూడుట విద్య కాదు. ఒకట్ల క్రింద ఒకట్లు, పదుల క్రింద పదులు తిన్నగా పడునట్లు వ్రాయుట విద్య. ఏడునకు ఒకటికి భేదము కనబడునట్లు అంకె దిద్దుట విద్య. ఏనాటి జమ ఆనాడే వ్రాయుట విద్య. ఈ మూడు వచ్చినవాడు ఎంత పెద్ద ఖాతానైనను భయపడక తెరచును. నేడు కూడు పని యంత్రము చేయుచున్నది. అయినను ఏ అంకె ఏ పద్దున వేయవలెనో యంత్రమునకు మనిషియే చెప్పవలెను. బూటు వచ్చినను బంతిని లోబరచుకొను విద్య అక్కరకు వచ్చినట్లే, యంత్రము వచ్చినను పద్దు తెలియు విద్య అక్కరకు వచ్చుచున్నది.

జీవితమున మాత్రము మనము దీనిని మరచుచున్నాము. మన గ్రంథాలయమునకు వచ్చు యువకులలో పెక్కుమంది ఉద్యోగపరీక్షల పుస్తకములు అడుగుదురు. అది తప్పు కాదు, ఉద్యోగము కావలసినదే. అయితే ప్రశ్నలు జవాబులు కంఠస్థము చేయువారు భిన్నముల లెక్కలవద్దను, ఒక పేజీ తప్పులేక తెలుగు వ్రాయుటవద్దను తడబడుచున్నారు. వారికి బలమైన కాలు జ్ఞాపకశక్తి. వ్రాత, లెక్క, ఆలోచన అనునవి బలహీనమైన కాళ్లు. రహీమ్ సాహెబుగారు మన ఊళ్లో ఉపాధ్యాయులై యుండినచో ఒక నెలదినములు జవాబుల పుస్తకములను దాచిపెట్టి, పెద్ద బాలశిక్షను చేతికిచ్చి, సొంతమాటలతో వ్రాయు పోటీ పెట్టియుండెడివారని నా ఊహ.

నగరము మన ఊరివైపు విస్తరించుచున్నది. చేలు ప్లాట్లగుచున్నవి. పిల్లలు పరుగెత్తు ఖాళీస్థలము ఏటేట తగ్గుచున్నది. రహీమ్ సాహెబుగారి విద్యకు విస్తారమైన స్థలము, గొప్ప సామగ్రి అక్కరలేదు. ఒక బంతి, కొంత నేల, ఓపికగల ఒక పెద్దమనిషి చాలును. ఆ కొంత నేలనైనను కాపాడుట పెద్దల పని. గ్రంథాలయపు బీరువాలో నిఘంటువును, ఎక్కముల పుస్తకమును పిల్లల చేతికందు అరలో నుంచుట నిర్వాహకుల పని. రానిదానివద్ద పిల్లవాడు తడబడునప్పుడు నవ్వకుండుట మనయందరి పని.

 వచ్చు వేసవి సెలవులలో మన ఊరి పిల్లలకు ఎడమకాలి పోటీ యొకటి, సొంతమాటల వ్రాతపోటీ యొకటి నడుపవలసినదిగా నిర్వాహకులను సవినయముగా కోరుచున్నాను. మొదటి దినమున పిల్లలు తప్పుదన్నులు తన్నుదురు. తన్ననిండు.